ఉప్పునీళ్ళు, వెండి గుడ్డ, బీరప్ప కాలు

ముందు ముక్కు

కట్లు కట్టే గదిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మొదటిరోజు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటారు. పెట్టుకోవద్దు. ఈ పనిలో కళ్ళ కంటే ముందు తెలుసుకునేది ముక్కే. కట్టు విప్పకముందే పుండు తన సంగతి చెప్తుంది. పచ్చి నెత్తురు వాసన వేరు, చీము వాసన వేరు, లోపల ఏదో కుళ్ళుతున్న వాసన వేరు. వాంతి వస్తే బయటికి పోయి చేసుకుని, మూతి కడుక్కుని మళ్ళీ రండి. నేనూ అట్లే చేశాను.

నేను చదివింది ఐదో తరగతి. అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో గదులు ఊడ్చే ఆయాగా చేరాను. ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, కట్లు కట్టే మనిషిగా బయటికి వచ్చాను. నన్ను ఎప్పుడు పర్మనెంట్ చేశారో, సన్మానంనాడు ఎవరు ఏ శాలువా కప్పారో రాయను. అవి మీకు పనికిరావు. ఇన్నేళ్ళలో మీకు పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. దాన్నే పొడుగ్గా రాస్తాను. నా మనవరాలు ఒత్తులూ దీర్ఘాలూ దిద్దింది. మాటలు మాత్రం దిద్దనివ్వలేదు.

ఎస్తేరమ్మ దగ్గర నేర్చినవి

నాకు పని నేర్పింది హెడ్ సిస్టర్ ఎస్తేరమ్మ. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వగా నేను చూసింది రెండుసార్లు. మొదటివారం ఒక ముసలాయన పుండు కడుగుతూ నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే గిన్నె నా చేతిలోంచి లాక్కున్నది.

"ఓబుళమ్మా, నువ్వు ఏడిస్తే నీ చెయ్యి ఆగిపోతాది. చెయ్యి ఆగితే మురికి ఆడనే ఉంటాది. మురికి ఆడనే ఉంటే ఈయప్ప ఈన్నే ఉంటాడు. ఏడ్సేకి బయట అరుగు ఉండాది, పో."

పోలేదు. కడిగాను. అప్పటినుంచి నాకు గయ్యాళి అని పేరొచ్చింది. ఆ పేరుతో నాకు ఏ ఇబ్బందీ లేదు. కాలు పట్టుకుని ఏడ్చేవాళ్ళు రోగికి ఇంటినిండా ఉంటారు. గట్టిగా రుద్దేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి.

ఎస్తేరమ్మ నేర్పిన రెండో సంగతి పొదుపు. దూది ఉండ రేగుపండంత ఉండాలి. పిడికెడు తీస్తే మళ్ళీ పీకించి, కూర్చోబెట్టి పది ఉండలు చేయించేది. ఆ కాలంలో కట్టుగుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, ఎండేసి, మోకాలిమీద చుట్టేవాళ్ళం. వాన చూడని ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోవాల్సిందే. మూత తీసిన సీసా ఖాళీ కాకుండా ఇంకో సీసా మూత తీయడమంటే నాకు చేయి వచ్చేది కాదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో పని పడుతుంది.

పైపులో పాచి

కొన్ని పుండ్లు ఉంటాయి. పొద్దున శుభ్రంగా కడిగి కడతాం. మర్నాడు విప్పితే పైన సన్నగా, మెరుస్తూ, జిగురుగా ఒక పొర ఉంటుంది. ల్యాబ్ కాగితంలో ఈ మందుకు క్రిమి చస్తుందని ఉంటుంది. ఆ మందే ఎక్కిస్తాం. క్రిమి చావదు. నెలలు గడుస్తాయి. మేము రోగిని తిడతాం, రోగి మమ్మల్ని తిడతాడు.

నా సర్వీసు చివరి రోజుల్లో హసీనా అని ఒక డాక్టరమ్మ వచ్చింది. గుత్తి ఊరి పిల్ల. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు. ఏదైనా అడిగితే విసుక్కోకుండా చెప్పేది. అది నేను డాక్టర్లలో తక్కువగా చూసిన గుణం.

"ఓబుళక్కా, క్రిములు విడివిడిగా ఉంటే మందు చంపుతాది. అవన్నీ ఒకచోట చేరి, చుట్టూ జిగురు కట్టుకుని, లోపల కూర్చుంటాయి. మందు ఆ జిగురు దాటి పోదు. దాన్ని బయోఫిల్మ్ అంటారు."

"దానికి అంత పేరేంటికి డాక్టరమ్మా? అది పాచి. మా చీనీ బత్తాయి తోటలో డ్రిప్పు పైపులకు పట్టేదే."

"పైపులకా?"

"ఆ. లోపల జిగురు పాచి పట్టి నీళ్ళు రావు. మా ఆయన బ్లీచింగు నీళ్ళు ఊరికే పైపుల్లోకి వదిలినాడు. పై పాచి పోయింది, లోపలిది ఆడనే ఉండాది. వారానికి మళ్ళీ మొదటికొచ్చె. ముందు పైపు కొస బిరడా తీసి, నీళ్ళు జోరుగా ఇడిసి, పాచిని కదిలించల్ల. అప్పుడు మందు పోయల్ల. నేను చెప్పినాంక చేసినాడు."

ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నది. "అక్కా, నేను ఇది రెండేళ్ళు చదివినా," అన్నది. గర్వంగా అనిపించింది, దాయను. అన్నీ తెలుసనుకోవడం అక్కడే మొదలైంది.

బీరప్ప

బెళుగుప్ప దిక్కునుంచి వచ్చాడు బీరప్ప. గొర్రెల కాపరి. ఎనభై గొర్రెలు. షుగరు ఉన్నట్టు తెలిసి ఎనిమిదేళ్ళు, మాత్రలు మింగింది అందులో సగం. టైరు చెప్పులోంచి మేకు పైకి వచ్చి అరికాల్లో దిగింది. దాంతోనే నాలుగు రోజులు నడిచాడు. నా దగ్గరికి వచ్చేసరికి పుండుకు నాలుగు నెలలు. అందులో నా బొటనవేలు సగం దూరేంత గుంత. అడుగున అదే మెరిసే జిగురు.

నేను గీకుతుంటే ఆయన బీడీ గురించి మాట్లాడుతున్నాడు.

"నొప్పి ల్యాదా?"

"ఏముండాదక్కా నొప్పి? నువ్వు యాడ గీకుతాండావో గూడా తెలీదు."

కొత్త పిల్లలు ఇది విని సంతోషపడతారు, పాపం నొప్పి లేదు అని. భయపడండి. నొప్పిలేని పుండే కాలు తీసుకుపోతుంది.

"గొర్రెలకు ముల్లు దిగితే ఎట్ల తెలుస్తాది నీకు?" అన్నాను.

"సాయంత్రం మందకట్టేటప్పుడు ఒక్కోదాని గిట్టలు ఎత్తి సూస్తా. ఎనభైకి ఎనభై. ఒక్కటి కుంటితే మంద నిలిచిపోతాది కదా."

"మరి నీ కాలు?"

"నాది యాల సూడల్ల? నేనేమన్నా గొర్రెనా?"

పెద్ద డాక్టరు వచ్చి చూసి, మోకాలి కింద చేత్తో గీత గీసి చూపించాడు. పది పన్నెండు రోజుల్లో పుండు మొహం మారకపోతే కాలు అక్కడికి తీయాలి, ఆలస్యం చేస్తే విషం పైకి పాకుతుంది అన్నాడు. మీరు ఆయనను కసాయి అనుకోవద్దు. ఆలస్యం చేసి మనిషినే పోగొట్టుకున్న కేసులు ఆయన చూశాడు, నేనూ చూశాను.

బీరప్ప పెళ్ళాం నింగమ్మ ఆరోజే మందను తమ్మునికి అప్పజెప్పి బస్సుకు వచ్చింది. గీత గీసింది చూసి ఏడవలేదు.

"కాలు ల్యాకుంటే గొర్రెల్ని అమ్మేయల్ల. గొర్రెల్ని అమ్మితే ఈ మనిషి మంచంమీద ఒక నెల బతుకుతాడు. గొర్రెలు వచ్చి మంచం కాడ మేస్తాయా?" అని నన్ను అడిగింది, నేనేదో గీత గీసినట్టు.

వెండి గుడ్డ

హసీనా డాక్టరమ్మ తాను చదివిన చోటినుంచి నాలుగు ప్యాకెట్లు తెప్పించింది. లోపల అరచేయంత గుడ్డ, నీలం కలిసిన బూడిద రంగు. అది వెండి అన్నది. మన కడియం వెండిలాంటిదే, కానీ వెంట్రుక మందంలో వేలకు వేలు పట్టేంత సన్న నలుసులు చేసి గుడ్డకు పట్టించారట. నానో వెండి. అంత సన్నం చేస్తే వెండి నిదానంగా కరుగుతూ క్రిమిని చంపుతుందట, గీకిన పాచిని మళ్ళీ కట్టుకోనివ్వదట.

బీరప్పకు చెప్తే పకపకా నవ్వాడు. "మగోని కాలికి వెండి ఏంటికి తల్లీ? నింగమ్మ కాలికే నేను ఏయించల్యా."

డాక్టరమ్మ నాకు మూడు మాటలు చెప్పింది. పాచి బాగా గీకాలి. గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తోనే తడపాలి, సెలైన్‌తో కాదు. కట్టాక మూడు రోజులు విప్పకూడదు. డిస్టిల్డ్ వాటర్ సీసా కూడా తెచ్చి నా అలమారాలో పెట్టింది.

నేను గీకాను. గీకడంలో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. గుడ్డ తడపబోతే బల్లమీద పొద్దున మూత తీసిన సెలైన్ సీసా ముప్పావు ఉంది. ముప్పై ఏళ్ళుగా నేను పుండ్లు కడిగింది ఆ ఉప్పునీళ్ళతోనే. ఎన్ని వందల పుండ్లు మాన్పాయో అవి. నాలుగు చుక్కలకు కొత్త సీసా సీలు తీయడమా? నీళ్ళలో నీళ్ళు, దీనికి తేడా ఏముంటుంది, చిన్నపిల్ల, పుస్తకంలో ఉన్నది చెప్తుంది అనుకున్నాను. సెలైన్‌తో తడిపాను.

మూడు రోజులకు విప్పాం. వాసన అదే. జిగురు అదే. అక్కడక్కడా నల్లటి పొడి కనిపించింది. వెండి రంగు దిగిందిలే అనుకుని కడిగేశాను. రెండో గుడ్డ కట్టాను, అదే సెలైన్‌తో. మళ్ళీ మూడు రోజులు. మళ్ళీ అదే.

పెద్ద డాక్టరు వచ్చి కళ్ళతోనే కొలిచి, గురువారం ఆపరేషన్ అన్నాడు. హసీనా డాక్టరమ్మ అక్కడే ఉంది. ఆయన పోయాక గోడకు ఆనుకుని, "వెండి కూడా పని చేయలేదక్కా. పై వాళ్ళకు అదే రాసి పంపిస్తా," అన్నది.

ట్రే సర్దుతూ అలమారా తెరిచాను. డిస్టిల్డ్ వాటర్ సీసా సీలుతో అట్లే ఉంది.

ఇద్దరు దొంగలు

ఎవరూ అడగరు. ఆ సీసా సంగతి తెలిసింది నాకొక్కదానికే. నా మాటమీద ఆ గదిలో ఎవరికీ అనుమానం రాదు. నేను చెప్పకపోతే గురువారం ఆ కాలు పోతుంది, వెండి పని చేయదని కాగితంమీద ఎక్కుతుంది. చెప్తే ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. ఇందులో పెద్దగా ఆలోచించానని చెప్పను. సీసా తీసుకుని పోయి బీరప్ప మంచం దగ్గర నిలబడి ఉన్న డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

"సీలు సూడు డాక్టరమ్మా."

చూసింది. అర్థం కాలేదు.

"రెండుసార్లూ ఉప్పునీళ్ళతో తడిపినా. మూత తీసిన సీసా ఉండాదని. నువ్వు వద్దంటివి. నేను ఇనల్యా."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి గట్టిగా పిలవని పిల్ల, "ఓబుళమ్మా!" అన్నది. "ఉప్పు ఆ వెండిని పట్టేసుకుంటాది! పుండులోకి దిగనీదు! ఆయన కాలు అది!"

"తిట్టు. ఇంకా తిట్టు. నాకు కావాల్సిందే."

ఆమె తిట్టడానికి ఊపిరి తీసుకుంటుంటే మంచంమీదినుంచి బీరప్ప గొంతు వచ్చింది. "అక్కను ఒక్కదాన్నే తిట్టద్దు తల్లీ. నన్నూ రోంత తిట్టు."

"నిన్నెందుకు?"

దిండు కింద చేయి పెట్టి అగ్గిపెట్టె తీశాడు. తెరిచాడు. నల్లటి బూడిద.

"కంబళి కాల్చిన బూడిద ఇది. మా తాత గొర్రె పుండుకు పూసేవాడు, పురుగు పడకుండా. మీరు మూడు దినాలు కట్టు విప్పకుంటే నన్ను మర్చిపోయినారనుకుంటి. అంచు ఎత్తి రోంత రోంత ఏస్తాంటి."

"ఏమప్పా!" అన్నాను. నల్లపొడి గుర్తొచ్చింది. "నేను వెండి రంగు అనుకుంటి కదరా, సచ్చినోడా!"

"నాకేం తెలుసు? నువ్వు ఉప్పు పోస్తాంటివని నాకు చెప్పినావా?"

నింగమ్మ లేచింది. మొగుని చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని కిటికీలోంచి విసిరేసింది. "ఇంట్లో ఉన్న ఒక్క మంచి కంబళి కొస యాల కాలిందో ఇప్పుడు తెలిసె," అన్నది.

డాక్టరమ్మ స్టూలుమీద కూలబడింది. ముందు తల పట్టుకున్నది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నదేమో అనుకున్నాం. నవ్వుతున్నది. ఆమెను చూసి బీరప్ప, ఆయనను చూసి నేను. నింగమ్మ ఒక్కతే నవ్వలేదు. "మీ నవ్వులు అయిపోతే కాలు సంగతి సూడండి," అన్నది. ఆ గదిలో అప్పుడు బుర్ర ఉన్నది ఆమెకే.

పెద్ద డాక్టరు దగ్గరికి నేనే పోయి చెప్పాను. ఆయన లేచి వచ్చి కాలు మళ్ళీ చూశాడు. జ్వరం లేదు, విషం ఇంకా పైకి పాకలేదు అని చూసుకుని, మిగిలిన రెండు గుడ్డలకు ఆరు రోజులు ఇచ్చాడు.

మళ్ళీ ముక్కు

ఆ ఆరు రోజులు నా సర్వీసులో నేను అన్నిటికంటే శ్రద్ధగా పని చేసిన రోజులు. డాక్టరమ్మ కత్తి పట్టుకుని పాచిని, దాని కింద చచ్చిన కండను గీకింది. ఎర్రటి నెత్తురు కనపడేదాకా వదల్లేదు. నేను సీసా సీలు తీశాను, నా చేత్తోనే. తడిపింది నాలుగు చుక్కలు. మిగిలినది పారబోయాల్సి వస్తే కళ్ళు పక్కకు తిప్పుకుని పారబోశాను. కట్టు అంచుమీద అడ్డంగా ప్లాస్టరు అంటించి పెన్నుతో గీత గీశాను. ఎత్తితే తెలిసిపోతుంది. షుగరుకు సూది, మందు వేళకు మందు. కాలు నేలకు తగలకుండా చూసేది నింగమ్మ పని. ఆయన మూత్రానికి లేస్తే చాలు, గొర్రెను అదిలించినట్టు నాలుకతో శబ్దం చేసేది. బీరప్ప కూర్చునేవాడు.

మూడో రోజు కట్టు విప్పడానికి పోయాను. గీత చెదరలేదు. ఇంకా ఒక్క చుట్టు కూడా విప్పలేదు, ఆగిపోయాను.

"ఏమైందక్కా?" అన్నది డాక్టరమ్మ.

"వాసన ల్యాదు."

ఆమె వంగింది. నింగమ్మ వంగింది. విప్పాం. గుంత గుంతే. కానీ అడుగున జిగురు లేదు. అక్కడక్కడా దానిమ్మ గింజల్లాగా ఎర్రగా కొత్త కండ లేస్తున్నది. నాలుగో గుడ్డ విప్పేరోజు పెద్ద డాక్టరు వచ్చి చూసి, గురువారం లేదు, వచ్చే గురువారం కూడా లేదు అని పోయాడు. అంతే మాట. నాకు అది చాలు.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. కాలు నిలబెట్టింది వెండే అని నేను చెప్పను. గీకడం ఉంది, షుగరు దిగడం ఉంది, మందులు ఉన్నాయి, కాలు కింద పెట్టకపోవడం ఉంది. మొదటి రెండు గుడ్డలు నా ఉప్పువల్ల చెడ్డాయా, ఆయన బూడిదవల్ల చెడ్డాయా, డాక్టరమ్మకే తెలియదు. ఆమె కాగితంలో అట్లే రాసింది, ఇద్దరి తప్పులూ కలిపి. పుండు పూర్తిగా మూయడానికి మూడు నెలలు పట్టింది. చిటికెన వేలు దక్కలేదు. కాలు దక్కింది.

ఆ తర్వాత గదిలో ఒక పిచ్చి పట్టింది. వెండి గుడ్డ వచ్చిందంటే చాలు, మోకాలు గీరుకున్నవాళ్ళకు కూడా అదే కడదామనేవాళ్ళు. కట్టవద్దు. మామూలు పుండుకు ఉప్పునీళ్ళు, శుభ్రమైన గుడ్డ చాలు, ఇప్పటికీ అంతే అంటాను. పాచి పట్టి మొండికేసిన వాటికే అది, అదీ డాక్టరు చెప్తేనే. పొదుపు మానవద్దు. కానీ కొత్త వస్తువు చేతికి వస్తే పాత అలవాటును కాసేపు గది బయట వదిలి రండి. మూడు రోజులు కట్టు విప్పకపోతే ఎందుకు విప్పడం లేదో రోగికి చెప్పండి. చెప్పకపోతే అగ్గిపెట్టె బయటికి వస్తుంది.

మంద కట్టే వేళ

నేను రిటైరైన ఏడాది మా చెల్లెలి ఇంటికి బెళుగుప్ప పక్క పల్లెకు పోయాను. శెనక్కాయ పీకేసిన చేలో మంద కడుతున్నారు. పొద్దు ఇంకా వాలలేదు. ఎవరి గొర్రెలని అడిగితే మా చెల్లెలు బీరప్పవి అన్నది. గట్టుమీద నిలబడి చూశాను.

బీరప్ప ఒక్కో గొర్రెను పట్టి వెల్లకిలా తిప్పుతున్నాడు. నింగమ్మ గిట్టలు చూసి వదిలేస్తున్నది. పెద్ద డాక్టరు గీత గీసిన కాలిమీదే ఆయన బరువు ఆనించి నిలబడి ఉన్నాడు. నేను పిలవలేదు. పని మధ్యలో పిలవడం నాకు నచ్చదు.

అన్నీ అయిపోయాయి. నింగమ్మ నడుంమీద చేయి పెట్టుకుని, "ఇంకొకటి మిగిలింది, రా," అన్నది.

బీరప్ప చెప్పులు విడిచి, వచ్చి ఆమె ముందు కూర్చుని కాలు చాపాడు. ఆమె అరికాలు పొద్దుకేసి తిప్పి, బొటనవేలితో అంచునుంచి అంచుకు తడిమింది.

ఇక నావల్ల కాలేదు. "వేళ్ళ సందులు గూడా సూడు!" అని గట్టుమీదినుంచి అరిచాను.

ఇద్దరూ తలెత్తారు. బీరప్ప నన్ను గుర్తుపట్టి, "వచ్చె, ఉప్పక్క వచ్చె!" అని నవ్వాడు. లేవబోయాడు. నింగమ్మ నాలుకతో శబ్దం చేసింది. కూర్చున్నాడు.

"సూస్తాండా లేక్కా," అన్నది నింగమ్మ నాతో. "ఎనభై గొర్రెలకు మున్నూట ఇరవై కాళ్ళు సూస్తా, ఒక్కటీ సతాయించదు. ఈ రెండు కాళ్ళకే ఇంత గలాటా."

"రెండుండాయి కదా," అన్నాడు బీరప్ప. "అందుకే గలాటా."

నింగమ్మ చూసిన కాలు పక్కన పెట్టి, రెండోది ఒళ్ళోకి లాక్కున్నది.